మొక్కజొన్న కవర్ కుండీలో ఎందుకు కరగలేదు?

ప్రశ్న: మా వీధిలో కూరగాయల షాపులో ‘కంపోస్టబుల్’ అని రాసున్న కవర్లు ఇస్తున్నారండీ, మొక్కజొన్నతో చేసినవట. ఒకటి గులాబీ కుండీలో పాతిపెట్టా, నెలలు గడిచినా అలాగే ఉంది. ఇది మోసమేనా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అప్పుడే మోసం అనెయ్యకండమ్మా. మొక్కజొన్న పిండిని చక్కెరగా మార్చి, పులియబెట్టి లాక్టిక్ యాసిడ్ తీసి, దాంతో పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ చేస్తారు. అది త్వరగా కుళ్లి మట్టిలో కలవాలంటే తేమతోపాటు దాదాపు 60 డిగ్రీల వేడి కావాలి, పెద్ద కంపోస్ట్ ప్లాంట్లో కుప్ప లోపల ఆ వేడి పుడుతుంది గానీ మన కుండీలో ఎక్కడొస్తుంది చెప్పండి. పైగా ఒట్టి పీఎల్‌ఏ పెళుసు, అందుకే కవర్లలో పీబ్యాట్ (PBAT) అనే సాగే ప్లాస్టిక్ కలుపుతారు, అది ఎక్కువగా పెట్రోలియం నుంచే వస్తుంది, అయినా సూక్ష్మజీవులు తినేస్తాయి. 2021లో తిరుమలలో లడ్డూల కోసం పెట్టిన డీఆర్‌డీవో (రక్షణ పరిశోధన సంస్థ) కవర్లు కూడా మొక్కజొన్న పిండితో చేసినవే, వాటిని రూపొందించింది ఆ సంస్థకు మన హైదరాబాద్‌లో ఉన్న ల్యాబే, నాకైతే చాలా గర్వంగా అనిపించింది.

అయితే నకిలీలూ ఉన్నాయి. కవర్ మీద తయారీదారు పేరు, సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) సర్టిఫికెట్ నంబర్ ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే మున్సిపాలిటీకి ఫిర్యాదు చెయ్యండి. ఉంటే మాత్రం తడి చెత్తలోనే వెయ్యండి, మామూలు ప్లాస్టిక్‌లో కలిస్తే రీసైక్లింగ్ సరుకంతా పాడవుతుంది.