58 ఏళ్ళకే ఆపేసి ఉంటే?

మీ ప్రశ్న ఇది: అమెరికా కాలేజ్ బాస్కెట్‌బాల్‌లో కోచ్‌లు అరవై, డెబ్బై దాటాక కూడా అంత పెద్ద విజయాలు ఎలా సాధిస్తున్నారు? ఆడేది ఇరవై ఏళ్ళ పిల్లలు కదా, వాళ్ళతో ఈ పెద్దవాళ్ళకు ఎలా కుదురుతుంది?

నేను చిన్నప్పుడు తెనాలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడాను. పదహారేళ్ళుగా నార్త్ కరోలినాలోని కేరీలో ఉంటున్నాను. ఇక్కడి నుంచి డ్యూక్ యూనివర్సిటీకి, నార్త్ కరోలినా యూనివర్సిటీకి కారులో అరగంట. ఈ రెండు జట్ల పోటీ మా ఇంట్లోనే ఉంది. మా ఆయన నార్త్ కరోలినా, నేను డ్యూక్. శనివారాలు మా చుట్టుపక్కల పదేళ్ళ లోపు పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పిస్తాను. అందుకే జవాబు కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు మా పీఈటీ మాస్టారి గురించి చెప్పాలి. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఆయనకు 57 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులు. గ్రౌండ్‌లో వేపచెట్టు కింద మడత కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మాది మట్టి కోర్టు, చెక్క బోర్డులు, వలలు లేని ఇనప రింగులు. సున్నంతో నేల మీద చాటంత గుండ్రం గీసి, బంతి అందుకోగానే రెండు కాళ్ళూ ఒకేసారి అందులో పడాలనేవారు. "ముందు నిలబడు. తర్వాత చూడు. ఆ తర్వాత వెయ్యి." గంటసేపు ఇదే. మాకు విసుగొచ్చేది. బంతి రింగులో పడిందా లేదా అన్నది ఆయన పట్టించుకునేవారు కాదు, మా పాదాలే చూసేవారు. మాకు బూట్లు ఎక్కడివి, అందరం ఉత్తకాళ్ళతోనే ఆడేవాళ్ళం. సోమవారం సోమవారం కాలిగోళ్ళు తీసుకున్నామో లేదో చూసి, తీసుకోకపోతే జేబులోంచి నెయిల్ కట్టర్ తీసి చేతిలో పెట్టేవారు.

ఆయన 1998లో రిటైరయ్యారు. అప్పట్లో ప్రభుత్వ ఉద్యోగానికి 58 ఏళ్ళే. మా అమ్మాయిల జట్టు మొదటిసారి జిల్లా పోటీల్లో ఫైనల్ దాకా వెళ్ళింది ఆ ఏడాదే. ఆ తర్వాత ఆ పోస్టు చాలాకాలం ఖాళీగా ఉండిపోయింది. ఆయన చేతికి పని బాగా వంటబట్టిన రోజుల్లోనే దండ వేసి ఇంటికి పంపించేశారని నాకు ఇప్పటికీ బాధ.

అప్పటి నుంచి 58 అనే అంకె నా మనసులో ఉండిపోయింది. ఇక్కడి పెద్ద కోచ్‌ల గురించి చదివినప్పుడల్లా ఒక లెక్క వేసుకుంటాను: ఈయన్ని కూడా 58కి ఇంటికి పంపేసి ఉంటే?

లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీ కోచ్ జాన్ వుడెన్‌కి పది జాతీయ టైటిళ్ళు ఉన్నాయి, పురుషుల బాస్కెట్‌బాల్‌లో ఇంకెవరికీ అన్ని లేవు. ఆయనకు 58 ఏళ్ళు నిండింది 1968 అక్టోబర్‌లో. అప్పటికి గెలిచినవి నాలుగు. మిగతా ఆరూ ఆ తర్వాత వచ్చినవే. కనెక్టికట్ కోచ్ జిమ్ కాల్‌హూన్‌కి 58 నిండేసరికి ఒకటే టైటిల్, 1999లోది. 2004లో రెండోది గెలిచారు, 2011లో 68 ఏళ్ళ వయసులో మూడోది. మా ఆయన అభిమానించే రాయ్ విలియమ్స్‌దీ అదే కథ: 58కి ముందు ఒకటి, తర్వాత రెండు. ఇక కెల్విన్ శాంప్సన్‌కి 58 వచ్చేనాటికి తనదంటూ ఒక కాలేజ్ జట్టే లేదు. ఆయన సంగతి కింద చెబుతాను, నాకు అందరికన్నా ఇష్టమైనది అదే.

ఎలా సాధ్యమైంది అంటే, మొదటి కారణం చాలా మామూలుది. ఆటగాడికి కాళ్ళు కావాలి, కోచ్‌కి కళ్ళు చాలు. ఎవరి భుజం ఎటు తిరిగితే ఏ పాస్ వస్తుందో నలభై ఏళ్ళు చూసిన మనిషికి ముందే తెలిసిపోతుంది. పరుగెత్తి చూపించే పని కుర్ర అసిస్టెంట్‌లు చేస్తారు. అయితే అనుభవం ఒక్కటే సరిపోతే ముసలి కోచ్‌లందరూ గెలవాలి కదా. గెలవరు. కాలేజ్ ఆటల్లో అన్నిటికన్నా పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో పురుషుల జట్లే 350కి పైగా ఉన్నాయి, నాలుగైదేళ్ళకే ఉద్యోగం పోయే కోచ్‌లే ఎక్కువ. నిలబడినవాళ్ళలో నేను గమనించింది ఒకటుంది. తమకు బాగా వచ్చిన పద్ధతిని, తమకు పేరు తెచ్చిన పద్ధతిని, అవసరమైనప్పుడు పక్కన పెట్టి మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోగలిగారు.

డ్యూక్ కోచ్ మైక్ షషెవ్‌స్కీనే చూడండి. ఆ పేరు నోరు తిరగక ఇక్కడ అందరూ కోచ్ కె అంటారు. ఆయన 1991, 1992 టైటిళ్ళు గెలిచింది నాలుగేళ్ళూ కాలేజ్‌లోనే ఉండి చదువుకున్న పిల్లలతో. మొదటి ఏడాది తప్పులు, రెండో ఏడాది దిద్దుబాటు, మూడు, నాలుగు ఏళ్ళలో పంట. ఆ తర్వాత ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌బీఏ నిబంధన మారింది. 2006 నుంచి ఇంటర్ అయిపోగానే నేరుగా ఎన్‌బీఏకి వెళ్ళడానికి లేదు, కనీసం ఏడాది ఆగాలి. దాంతో దేశంలోకెల్లా మంచి ఆటగాళ్ళు ఒక్క ఏడాది కాలేజ్‌లో ఆడి వెళ్ళిపోవడం మొదలైంది. నాలుగేళ్ళ పంట వేయడం అలవాటైన రైతుకి మూడు నెలల పైరు ఇచ్చినట్టు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2005లో, 58 ఏళ్ళ వయసులో, కోచ్ కె అమెరికా జాతీయ జట్టు బాధ్యత తీసుకున్నారు. 2006 ప్రపంచ పోటీల్లో గ్రీస్ చేతిలో ఓడిపోయి కాంస్యంతో తిరిగొచ్చారు. ఆ తర్వాత 2008, 2012, 2016 ఒలింపిక్స్‌లో వరసగా మూడు బంగారు పతకాలు. కోబీ బ్రయంట్, లెబ్రాన్ జేమ్స్ లాంటి వాళ్ళను అరిచి నడిపించడం కుదరదు, కొద్ది వారాల్లోనే వాళ్ళ నమ్మకం సంపాదించాలి. అక్కడ నేర్చుకున్నది డ్యూక్‌లో పద్దెనిమిదేళ్ళ పిల్లల దగ్గర పనికొచ్చిందని నా నమ్మకం.

2015 ఫైనల్ మా ఇంట్లో సోఫాలో కూర్చుని చూశాను. రెండో సగంలో డ్యూక్ విస్కాన్సిన్ కంటే తొమ్మిది పాయింట్లు వెనకబడింది. నాకు టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. అప్పుడు గ్రేసన్ అలెన్ అనే మొదటి ఏడాది కుర్రాడు బెంచీ మీద నుంచి లేచొచ్చి ఆట తిప్పేశాడు. చివర్లో టైయస్ జోన్స్ అందుకున్నాడు, అతనూ మొదటి ఏడాదే. 68-63తో గెలిచారు. ఆ 68 పాయింట్లలో 60 మొదటి ఏడాది పిల్లలు నలుగురే వేశారు. కోచ్ వయసూ అప్పుడు 68. పిల్లలు నాలుగేళ్ళు ఉండాలని పట్టుబట్టి కూర్చుని ఉంటే ఆ ఐదో టైటిల్ వచ్చేది కాదు.

ఓడిపోయిన విస్కాన్సిన్ కోచ్ బో ర్యాన్ గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఆయన్ని చాలామంది మర్చిపోతారు. స్కాలర్‌షిప్పులు కూడా లేని డివిజన్ త్రీలో, ప్లాట్‌విల్ అనే చిన్న ఊళ్ళో పదిహేనేళ్ళు పనిచేసి నాలుగు టైటిళ్ళు గెలిచిన మనిషి. పెద్ద జట్టు చేతికొచ్చింది 53 ఏళ్ళకు. దేశంలోని చివరి నాలుగు జట్లు ఆడే ఫైనల్ ఫోర్‌కి మొదటిసారి వెళ్ళింది 66 ఏళ్ళకు.

వుడెన్ విషయంలోనూ ఇదే చూశాను. 1948లో యూసీఎల్ఏకి వచ్చిన ఆయనకు మొదటి టైటిల్ 1964లో గానీ రాలేదు, అది ఆయన పదహారో సీజన్. ఆ సీజన్‌లోనే జెర్రీ నార్మన్ అనే కుర్ర అసిస్టెంట్, కోర్టు మొత్తం ఎదురెళ్ళి అడ్డుకునే జోన్ ప్రెస్ పెడదామని పట్టుబట్టాడు. 53 ఏళ్ళ హెడ్ కోచ్ సరేనన్నారు. ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. అదే మనిషి, ప్రతి సీజన్ మొదటి రోజున ఆటగాళ్ళను కూర్చోబెట్టి సాక్స్ ముడతలు లేకుండా ఎలా తొడుక్కోవాలో, బూటు లేసు ఎలా బిగించాలో నేర్పేవారు. పదిసార్లు గెలిచినా అది మాత్రం మానలేదు. బొబ్బలెక్కిన కాలితో ఎవరూ సరిగ్గా ప్రాక్టీస్ చేయలేరు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు మా మాస్టారి జేబులో నెయిల్ కట్టర్ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

మహిళల జట్ల కోచ్‌ల గురించి ఎవరూ అడగరు, కానీ ఈ ప్రశ్నకు అన్నిటికన్నా గట్టి జవాబు అక్కడే ఉంది. స్టాన్‌ఫర్డ్ కోచ్ టారా వాన్‌డెర్‌వీర్ 1990లో, 1992లో గెలిచారు. మూడో టైటిల్ వచ్చింది 2021లో, 29 ఏళ్ళ తర్వాత. ఆ మధ్యలో ఎన్నిసార్లు ఫైనల్ ఫోర్ దాకా వెళ్ళి ఉత్తచేతులతో వచ్చారో. ఆ 2021 సీజన్‌లో కోవిడ్ ఆంక్షల వల్ల సొంత ఊళ్ళో ప్రాక్టీస్ చేయడానికి వీల్లేక జట్టు రెండు నెలలకు పైగా హోటళ్ళలోనే గడిపింది. సెమీఫైనల్ 66-65, ఫైనల్ 54-53. రెండూ ఒక్క పాయింటుతో. 67 ఏళ్ళ మనిషి సూట్‌కేసుతో ఊరూరా తిరుగుతూ గెలిచిన టైటిల్ అది. 1,216 విజయాలతో 2024లో ఆమె రిటైరయ్యారు. ఆ రికార్డును అదే ఏడాది చివర్లో కనెక్టికట్ మహిళల కోచ్ జీనో ఆరియెమ్మా దాటి, 2025 ఏప్రిల్‌లో 71 ఏళ్ళ వయసులో తన పన్నెండో టైటిల్ గెలిచారు. 1985లో ఆయనతో పాటు చేరిన అసిస్టెంట్ క్రిస్ డెయిలీ ఆ రోజూ పక్కనే ఉన్నారు. నలభై ఏళ్ళు పక్కన నమ్మకమైన మనిషి ఉండటం చిన్న విషయం కాదు.

ఇప్పుడు శాంప్సన్. ఆయన పుట్టి పెరిగింది మా నార్త్ కరోలినాలోనే, లంబీ అనే అమెరికా ఆదివాసీ తెగ కుటుంబంలో. ఇండియానా కోచ్‌గా ఉండగా ఆటగాళ్ళను చేర్చుకునే విషయంలో నిబంధనలకు మించి ఫోన్లు చేశారని 2008లో ఉద్యోగం పోయింది. కాలేజ్‌లు ఆయన్ని ఐదేళ్ళు దాదాపు తీసుకోలేని విధంగా, కాలేజ్ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ శిక్ష వేసింది. తప్పు తప్పే. ఆ ఐదేళ్ళూ ఆయన ఎన్‌బీఏలో వేరేవాళ్ళ కింద అసిస్టెంట్‌గా పనిచేశారు. 2014లో హ్యూస్టన్ యూనివర్సిటీ పిలిచేనాటికి వయసు 58. ఆ జట్టు 1984 తర్వాత, జాతీయ టైటిల్ తేల్చే ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. హ్యూస్టన్‌లో మన తెలుగు పిల్లలు ఎంతమంది చదువుతున్నారో మీకు తెలుసు. మా చెల్లెలి కొడుకు కూడా అక్కడే ఎమ్మెస్ చేశాడు, వాడి వల్లే నేను ఈ జట్టును చూడటం మొదలుపెట్టాను.

వాళ్ళ ప్రాక్టీస్‌లో ఒక పద్ధతి ఉంది. రింగు మీద ప్లాస్టిక్ మూత బిగిస్తారు. ఇక ఏ షాటూ లోపల పడదు. వేసిన ప్రతి బంతీ ఎగిరి బయటికే వస్తుంది, దాని కోసం అందరూ ఒకరినొకరు తోసుకుంటూ కొట్లాడాలి. బంతి నేల మీద దొర్లితే పడి అందుకోవాలి. నేను మా శనివారం పిల్లలకు ఇది పెట్టి చూశాను, మూత దొరక్క పాత టైరు కట్టాను. మొదటి పది నిమిషాలు కేకలు, నవ్వులు. తర్వాత తమాషాగా, ఎప్పుడూ బంతి ముట్టని చిన్నపిల్ల ఒకతి అందరికన్నా ఎక్కువ బంతులు పట్టింది.

2018లో హ్యూస్టన్ టోర్నమెంట్‌లో ఒక మ్యాచ్ గెలిచింది. 2021లో ఫైనల్ ఫోర్‌కి వెళ్ళింది. 2025లో మళ్ళీ. సెమీఫైనల్లో మా డ్యూక్ మీద 14 పాయింట్లు వెనకబడి, ఆఖరి నిమిషంలో లాక్కుని 70-67తో గెలిచారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయినా ఫైనల్లో శాంప్సన్ గెలవాలనే కోరుకున్నాను. గెలిస్తే 69 ఏళ్ళతో పురుషుల టైటిల్ గెలిచిన అందరికన్నా పెద్ద వయసు కోచ్ అయ్యేవారు.

కోచ్‌కి ఎంత తెలిసినా, పైనున్నవాళ్ళు ఓపిక పట్టకపోతే ఏమీ జరగదు. కోచ్ కె డ్యూక్‌లో మొదటి మూడేళ్ళలో 38 గెలిచి 47 ఓడారు. తీసేయమని ఊరంతా గోల. యూనివర్సిటీ ఆటల విభాగం పెద్ద (అథ్లెటిక్ డైరెక్టర్) టామ్ బటర్స్ తీసేయలేదు సరికదా, 1984లో కొత్త కాంట్రాక్ట్ ఇచ్చారు. ఆ సంతకం లేకపోతే మనం ఈ పేరు వినేవాళ్ళమే కాదు.

అలాగని అందరూ చివరిదాకా ఉండాలని నేను అనను. ఇప్పుడు ఆటగాళ్ళు ప్రతి ఏడాదీ జట్టు మారవచ్చు, డబ్బులూ వస్తున్నాయి. మయామీని 73 ఏళ్ళ వయసులో ఫైనల్ ఫోర్‌కి తీసుకెళ్ళిన జిమ్ లారనాగా, అలసిపోయానని చెప్పి 2024 డిసెంబర్‌లో సీజన్ మధ్యలోనే తప్పుకున్నారు. వర్జీనియా కోచ్ టోనీ బెనెట్ అదే ఏడాది 55కే వెళ్ళిపోయారు. ఇద్దరూ నిజాయితీగా చెప్పి వెళ్ళారు, వాళ్ళంటే నాకు గౌరవమే. ఎప్పుడు ఆపాలో వాళ్ళే చెప్పుకోగలిగారు. మా మాస్టారికి ఆ అవకాశం ఎవరూ ఇవ్వలేదు.

2025 ఫైనల్ హ్యూస్టన్ ఓడిపోయింది, ఫ్లోరిడా చేతిలో 65-63తో. చివరి క్షణాల్లో ఎమాన్యుయెల్ షార్ప్ మూడు పాయింట్ల షాట్‌కి ఎగిరాడు, మీదికి ఎదురొచ్చిన మనిషిని చూసి బంతి వదిలేశాడు, మళ్ళీ తనే ముట్టుకుంటే తప్పు కాబట్టి పక్కనే నిలబడిపోయాడు. షాట్ వేయకుండానే ఆట అయిపోయింది. ఆ క్లిప్ మా మాస్టారికి వాట్సాప్‌లో పంపాను. ఆయనకిప్పుడు 85. వాళ్ళ మనవడు పెట్టి చూపించాడట. మధ్యాహ్నానికి వాయిస్ మెసేజ్ వచ్చింది, గొంతు వణుకుతోంది గానీ మాట స్పష్టంగానే ఉంది.

"చూశానమ్మా. నాలుగుసార్లు పెట్టించుకుని చూశాను. పిల్లాడు మంచివాడే, భయపడ్డాడు అంతే. తిట్టొద్దని చెప్పు వాళ్ళ మాస్టారికి. రేపు పొద్దున్నే గ్రౌండ్‌కి తీసుకెళ్ళి అదే చోట నిలబెట్టి, ఎదురుగా పొడుగువాణ్ణి పెట్టి, వందసార్లు వేయించమను. ముందు కాళ్ళు. నువ్వు నేర్పే పిల్లల్లో ఎడమకాలు ముందు వేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వీడియో తీసి పంపు, చూస్తాను."

శనివారం తీసి పంపాను.