సినిమాస్కోప్ బొమ్మకు అదనపు లెన్స్

ప్రశ్న: ఇంట్లోని ప్రొజెక్టర్ కోసం పాత అనామార్ఫిక్ లెన్స్ (బొమ్మను అడ్డంగా సాగదీసేది) ఒకటి కొన్నాను. దాన్ని ముందు పెడితే మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తున్నారు; బొమ్మ పై అంచు, కింది అంచు మధ్యలో లోపలికి వంగుతున్నాయి. మా ఊరి వానాకాలపు చెమ్మకు లెన్స్ బూజు పడుతుందేమోనన్న భయమూ ఉంది.
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: పొట్టితనం లెన్స్ లోపం కాదు. ప్రొజెక్టర్ లోపల బొమ్మ ఏర్పడే ప్యానెల్ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9; దానిపై 2.35:1 నిష్పత్తి ఉన్న సినిమా వేస్తే దాదాపు పావువంతు పిక్సెళ్లు నల్లపట్టీలకే పోతాయి. మెనూలో బొమ్మను నిలువుగా సాగదీసే అమరికను ఎంచుకుంటే అది ప్యానెల్ నిండా పరుచుకుంటుంది, ఆపైన లెన్స్ దాన్ని అడ్డంగా 1.33 రెట్లు విప్పి అసలు ఆకారానికి తెస్తుంది. మీరు మొదటి పనిని వదిలేసి రెండోది మాత్రమే చేయించారు.

అంచుల వంపు ఈ లెన్స్‌లకు సహజమే. ప్రొజెక్టర్‌ను వీలైనంత వెనక్కి జరిపి, జూమ్ తగ్గించండి. మిగిలిన కొద్దిపాటి వంపును తెర చుట్టూ ఉన్న నల్ల వెల్వెట్ అంచు మింగేస్తుంది. కీస్టోన్ సవరణ (ఏటవాలుగా పడిన బొమ్మను మెనూ ద్వారా సరిచేసే అమరిక) జోలికి మాత్రం పోవద్దు. ముందు లెన్స్ తీసేసి గళ్ల నమూనాపై ఫోకస్ చేసుకుని, తర్వాత లెన్స్ పెట్టి, అడ్డగీతలు తెర అంచుకు సమాంతరమయ్యేదాకా దాన్ని మెల్లగా తిప్పండి.

దుమ్మును రబ్బరు బ్లోయర్‌తో ఊదాకే మైక్రోఫైబర్ గుడ్డ వాడండి. ద్రవాన్ని గుడ్డకే పట్టించాలి, గాజుపై చల్లరాదు. వానాకాలంలో తోలుసంచి బూజుకు పుట్టిల్లు కనుక, మూత బిగుతుగా పట్టే డబ్బాలో సిలికా జెల్‌తో దాచండి. గాజుల మధ్య బూజు చేరితే ఇంట్లో విప్పవద్దు, వాటి వరుస తప్పితే మళ్లీ కుదరడం కష్టం.