1972లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మయామీ డాల్ఫిన్స్ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదంటారు, ఎలా సాధ్యమైంది?

నిజమే. లీగ్‌లో 14, ప్లేఆఫ్స్‌లో 3, మొత్తం 17కి 17 గెలిచారు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఫైనల్ అయిన సూపర్ బౌల్ కూడా గెలిచి, సీజన్ మొత్తం ఓటమే లేని జట్టు ఇప్పటికీ అదొక్కటే.

ఐదో మ్యాచ్‌లోనే జట్టు దాడిని నడిపించే ఆటగాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, బాబ్ గ్రీసీ కాలు విరిగింది. బదులు దిగిన ఎర్ల్ మోరాల్ వయసు 38. అయినా బండి ఆగలేదు, ఎందుకంటే కోచ్ డాన్ షులా జట్టు బలమంతా బంతి పట్టుకుని పరుగెత్తే ఆటలో, డిఫెన్స్‌లో ఉంది. బంతితో పరుగెత్తే ఆటగాళ్లు జాంకా, మోరిస్ ఇద్దరూ ఆ సీజన్‌లో చెరో వెయ్యి గజాలు పరుగెత్తారు.

ఫైనల్లో వాషింగ్టన్‌పై 14-0తో ముందున్నప్పుడు డాల్ఫిన్స్ కిక్కర్ యెప్రేమియన్ మూడు పాయింట్ల కోసం తన్నిన బంతికి అడ్డు పడింది. వెనక్కొచ్చిన బంతిని తీసుకుని పాస్ విసరబోయాడు పాపం! అది చేయి జారి, ప్రత్యర్థికి చిక్కి, టచ్‌డౌన్ (బంతిని గోల్ గీత దాటించడం) అయింది. చివరి రెండు నిమిషాలు ఒకటే టెన్షన్. 14-7తో గట్టెక్కారు. ఆ కిక్ పడి ఉంటే సీజన్ గెలుపోటముల లెక్కలాగే స్కోరు కూడా 17-0 అయ్యేది.