పిలకాయ చేసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నమ్మొచ్చా?

ప్రశ్న: మాది చీమకుర్తి, గ్రానైట్ స్లాబుల వ్యాపారం. మా అన్న కొడుకు ఒంగోల్లో ఇంటర్ చదవతా, వాడంతట వాడే నేర్చుకోని స్లాబు కొలతలకీ బిల్లులకీ ఒక సాఫ్ట్‌వేర్ చేశాడు. మా గుమస్తా ఏమో పదహారేళ్ళ పిలకాయ చేసిందాని మీద లక్షల వ్యాపారం పెడతారా అంటన్నాడు. ఇంట్లోవాళ్ళేమో ఆ వయసుకి అంత చేయడమే గొప్ప, చిన్న తప్పులుంటే ఏందిలే అంటన్నారు. ఎవరి మాట వినాల?
— ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: ఇద్దరి మాటా వినబాకండి. గుమస్తా పిలకాయ వయసు చూసి వద్దంటన్నాడు, ఇంట్లోవాళ్ళు అదే వయసు చూసి మార్కులేస్తన్నారు, సాఫ్ట్‌వేర్ తెరిచి చూసినోళ్ళు మాత్రం ఎవరూ లేరు. 2004లో ఇంటర్నెట్ చూసే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ 1.0 వచ్చేటప్పటికి దాన్ని మొదలుపెట్టినోళ్ళల్లో ఒకరైన బ్లేక్ రాస్‌కి 19 ఏళ్ళే. అదే వెబ్‌సైట్ల రహస్యాలు కాపాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సాఫ్ట్‌వేర్‌లో 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ తప్పు చూడండి, రాసింది పీహెచ్‌డీ చేస్తన్న మనిషి, చూసి ఓకే అన్నది అనుభవమున్న ప్రోగ్రామర్, అయినా రెండేళ్ళకు పైగా ఎవరికీ కనపళ్ళా.

అందుకని అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకోని బిల్లు కొట్టి చూడండి. 108 అంగుళాల పొడుగు, 72 అంగుళాల ఎత్తు ఎక్కిస్తే సరిగ్గా 54 చదరపడుగులు రావాల, అడుగు 110 చొప్పున 5,940, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,069 రూపాయల 20 పైసలు. అదే బిల్లు చెన్నై పార్టీ పేరు మీద కొడితే, వేరే రాష్ట్రం కాబట్టి, కేంద్రానికీ రాష్ట్రానికీ విడిగా పడే సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ పోయి ఐజీఎస్టీ ఒక్కటే పడాల. ఇంకోటి, చాలామంది ఇది చూడరు, రేటు 120కి మార్చి పాత బిల్లు మళ్ళీ తెరవండి, అదిగూడా 120 అయిపోయిందంటే రేపు ఆడిటర్ ముందు సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. బిల్లులో పైసల లెక్కని సాఫ్ట్‌వేర్‌లో ఎట్టా దాస్తన్నావో గూడా అడగండి, కంప్యూటర్లో దశాంశాలు మామూలుగా కూడితే 0.1కి 0.2 కలిపినా కచ్చితంగా 0.3 రాదు, అందుకే తెలిసినోళ్ళు మొత్తాన్ని పైసల్లోకి మార్చి దాస్తారు. అబ్బాయికి ఈ సంగతి తెలిసుంటే నాకైతే సగం నమ్మకం వచ్చినట్టే. తప్పు కనపడితే తప్పనే చెప్పండి, చిన్నోడు కదా అని ఊరుకుంటే వాడు నేర్చుకునేది ఆడనే ఆగిపోద్ది.

వయసు అడ్డమొచ్చేది వేరే చోట. వాడికి మార్చిలో పరీక్షలు, మీకు మార్చి నెలాఖరుకి లెక్కలు క్లోజ్ చెయ్యాల, అప్పుడు ఆగిపోతే చూసేదెవరు? డేటా మొత్తం ఎక్సెల్‌లోకి దించుకునే దారి ముందే పెట్టించండి, మొదట కొన్నాళ్ళు పుస్తకంలో గూడా రాసుకోండి. 18 నిండనోళ్ళతో అగ్రిమెంటు మన కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు కాబట్టి కాగితాలు మీ అన్నగారి పేరు మీద పెట్టుకోండి. డబ్బులు మాత్రం మనింటి పిలకాయేలే అని ఐదొందలు చేతిలో పెట్టి పంపబాకండి, బయటోళ్ళతో చేయిస్తే ఎంతిద్దామనుకున్నారో అంతా వాడికే ఇవ్వండి.