ఆకు పైకి ముడిచిందా, కిందికి ముడిచిందా?

"కష్టం వచ్చినప్పుడు పదిమందిని సలహా అడిగితే మంచిదా, నమ్మకమున్న ఒక్కరిని అడిగితే మంచిదా?" అని అడిగారు. నన్నడిగితే, మనం చెప్పేది పూర్తిగా విని, తిరిగి మనల్నే నాలుగు ప్రశ్నలు వేసే మనిషి దొరికేదాకా అడుగుతూనే ఉండాలి. ఆ మనిషి మొదటివాడే కావచ్చు, పదకొండోవాడు కావచ్చు. ఈ సంగతి నాకు మూడెకరాల మిరప తోట పోగొట్టుకున్నాక తెలిసింది.

మాది సత్తెనపల్లి దగ్గర ఒక పల్లె. అప్పటికింకా గుంటూరు జిల్లాయే, పల్నాడు జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో. 2021లో సొంత ఎకరానికి తోడు రెండెకరాలు కౌలుకు తీసుకుని తేజ రకం వేశాను. ఆగస్టు ఆఖర్లో నాటాం. అక్టోబరు దాకా తోట కళకళలాడింది. దారినపోయేవాళ్ళు బండి ఆపి చూసి వెళ్ళేవాళ్ళు. నవంబరు మొదట్లో ఒకరోజు పొద్దున్నే నీళ్ళు పెట్టడానికి వెళితే సాళ్ళ మధ్య పూత రాలిపోయి తెల్లగా పరుచుకుని ఉంది. కొన ఆకులు ముడుచుకుని, వేలితో రాస్తే గరుకుగా తగిలాయి. మడవ కట్టడం మర్చిపోయి అక్కడే కూర్చుండిపోయాను.

ఆ రోజు చీకటి పడేలోగా నలుగురిని అడిగాను. అందరికీ ఒకటే మాట చెప్పాను, "తోటకు ముడత వచ్చింది" అని.

మా బాబాయి నలభై ఏళ్ళుగా మిరప వేస్తున్న మనిషి. "ముడతేగా అబ్బాయ్, పోయినేడు నా తోటక్కూడా వచ్చింది. ఒక్క మందు కొట్టా, వారంలో చిగురేసింది" అని ఇంట్లో మిగిలిన సగం సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. పక్క చేను అన్న మొక్కలో బలం లేదని, యూరియా వేయమని చెప్పాడు. ఖమ్మం వైపు ఉండే మా బావమరిది, అక్కడ అందరూ ఏదో బయో మందు కొడుతున్నారని ఫోన్లో చెప్పాడు. పురుగుమందుల కొట్టు ఆయన అయితే నా మాట పూర్తి కాకుండానే "ఊరంతా ఇదే గోల" అంటూ బల్ల మీద మూడు సీసాలు వరసగా పెట్టేశాడు. మూడూ ఒకే డ్రమ్ములో కలిపి కొట్టమన్నాడు.

నలుగురూ నా మంచి కోరేవాళ్ళే. కొట్టు ఆయన్ని కూడా నేను తిట్టను. కానీ నలుగురిలో ఒక్కరైనా "ఆకు పైకి ముడిచిందా, కిందికి ముడిచిందా?" అని అడగలేదు. మిరప వేసేవాళ్ళకు ఇది కొత్త సంగతేం కాదు. తామర పురుగు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి లేచి పడవలా అవుతుంది, దాన్ని పైముడత అంటాం. తెల్లనల్లి అనే కంటికి ఆనని పురుగు పడితే ఆకు కిందికి ముడుచుకుంటుంది, అది కింది ముడత. దీని మందు చాలావరకు దానికి పనిచేయదు. వ్యవసాయం ఎరిగిన ప్రతివాడికీ తెలిసిన తేడా ఇది. అయినా "ముడత" అనగానే ఎవరి తోటలో చూసిన ముడత వాళ్ళకు గుర్తొచ్చింది, ఆ గుర్తుతోనే సమాధానం చెప్పారు. నేనైనా చెప్పానా? నేనూ చెప్పలేదు. భయంలో ఉన్నవాడికి వివరం చెప్పే ఓపిక ఉండదు. ఎవరో ఒకరు గట్టిగా "ఏం కాదు, ఇది కొట్టు" అంటే చాలనిపిస్తుంది.

పద్దెనిమిది రోజుల్లో నాలుగు సార్లు మందు కొట్టించాను. తైవాన్ పంపు మోసే కుర్రాడు నాలుగోసారికి "అన్నా, వాసనకే తల తిరుగుతోంది" అన్నాడు. ఆ రోజు డ్రమ్ములో బాబాయి ఇచ్చిన మందుంది, కొట్టులో తెచ్చినవి రెండున్నాయి, బావమరిది చెప్పిన బయో సీసా ఉంది. ఆ బయో సీసా గురించి ఒక మాట చెప్పాలి. లీటరు పద్నాలుగు వందలు పెట్టి కొన్నాను. సీసా మీద ఆకుపచ్చ రంగులో మిరపకాయ బొమ్మ ఉంది గానీ, లోపల ఏముందో రాసి లేదు, రంగుల త్రికోణం గుర్తు లేదు. పురుగుమందు సీసా మీద ఆ గుర్తు తప్పకుండా ఉండాలి. ఎరుపుంటే అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆ గుర్తు లేని సీసా ఎవరు చేతిలో పెట్టినా తిరిగి ఇచ్చేయండి. ఇక గుర్తు ఉన్న సీసాలతో వచ్చే కాగితం సంగతి మరీ అన్యాయం. ఎన్నో మడతలు, అన్నిట్లో చీమ తలకాయంత అక్షరాలు. యాభై దాటిన రైతు దాన్ని ఏ కళ్ళజోడుతో చదవాలి? ఏ పంటకు, ఏ పురుగుకు, ఎంత మోతాదు అన్న మూడు ముక్కలు సీసా మీదే పెద్దగా తెలుగులో అచ్చేస్తే సగం మంది కొట్టు బల్ల దగ్గర నిలబడి సలహా అడగాల్సిన పనే ఉండదు.

నాలుగో మందు తర్వాత పూత ఇంకా ఎక్కువ రాలింది. అప్పుడు మా ఆవిడ అంది, "అందరినీ అడిగావు, లాం వెళ్ళి ఒక్కసారి అడగరాదూ?" అని. గుంటూరు దగ్గర లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధన కేంద్రం ఉంది. మిరప విత్తనాల్లో ఎల్‌సీఏ అని పేరుండేవి అక్కడివే. మాకు బండి మీద గంట దూరం. అంత దగ్గర్లో ఉండి కూడా అప్పటిదాకా నేనక్కడ అడుగు పెట్టలేదు.

రెండు మొక్కలు వేళ్ళతో సహా పీకి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్ళాను. అక్కడి శాస్త్రవేత్త ఒకాయన కవరు తీసుకుని ముందు ఏమీ మాట్లాడలేదు. బల్ల మీద తెల్ల కాగితం పరిచి, పువ్వు ఒకటి తుంచి దాని మీద టపటపా దులిపారు. నూగు గింజలో సగం కూడా లేని నల్లటి పురుగులు కాగితం మీద నలువైపులా పరుగెత్తాయి. ఒక్క పువ్వులోంచి పది పన్నెండు. అన్ని రోజులు అదే తోటలో తిరిగి నేను ఒక్కసారి కూడా పువ్వు విప్పి చూడలేదు.

అప్పుడు మొదలుపెట్టారు ప్రశ్నలు. "ఎప్పుడు నాటారు? పోయినేడు ఆ చేలో ఏం వేశారు? చుట్టూ జొన్న, మొక్కజొన్న ఏమైనా ఉన్నాయా? యూరియా ఎంత వేశారు? ఇప్పటికి ఎన్నిసార్లు మందు కొట్టారు?"

చివరి ప్రశ్నకు నేను "రెండు సార్లండీ" అన్నాను.

ఎందుకు అబద్ధం చెప్పానో ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది. తిడతారేమోనన్న భయం. ఆయన కాగితం మీద రాసుకుంటున్నది ఆపి నా వైపు చూసి, "సరిగ్గా చెబితేనే నేను సరిగ్గా చెప్పగలను బాబూ. కొట్టిన మందుల పేర్లు చెప్పండి" అన్నారు. అప్పుడు మొత్తం చెప్పాను, నాలుగు సార్లు, ఏయే సీసాలు, గుర్తు లేని బయో సీసాతో సహా.

అప్పుడు నాకు అర్థమయ్యేలా వివరించారు. ఇది మన పాత తామర పురుగు కాదట, ఆగ్నేయాసియా వైపు నుంచి వచ్చింది. మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద కనిపించింది. 2021లో మన మిరప మీద పడింది. గుడ్లు మొక్క కణజాలం లోపల ఉంటాయి, పెద్ద పురుగు పువ్వులో దాక్కుంటుంది, మధ్యలో ఒక దశ మట్టిలో గడుపుతుంది. పైపైన కొట్టిన మందు అన్నిటికీ తగలదు. నేను వాడిన వాటిలో ఒకటి సింథటిక్ పైరిథ్రాయిడ్ అనే రకం రసాయన మందు. అది ఈ పురుగును తినే మంచి పురుగుల్ని చంపేసింది, దీన్ని మాత్రం చంపలేదు. పైగా యూరియాతో లేత చిగురు తెప్పించి దానికి మేత పెట్టాను. నీలం రంగు జిగురు అట్టలు పెట్టమన్నారు, వేప నూనె వాడమన్నారు, ఒకే మందు మళ్ళీ మళ్ళీ కొట్టొద్దన్నారు. పై ఏడు అదే చేలో మిరప వేయకుండా పంట మార్చమన్నారు. ఈ ఏడు ఎంత మిగులుతుందో మాత్రం మాట ఇవ్వలేనన్నారు. అన్ని రోజుల్లో "మాట ఇవ్వలేను" అన్నది ఆయనొక్కరే.

మూడెకరాల మీద మొత్తం పదకొండు క్వింటాళ్ళు కోశాను. మంచి ఏడు అయితే ఒక్క ఎకరమే ఇరవై దాటుతుంది. ఆ ఏడు గుంటూరు యార్డులో ధర బాగుంది, చేతిలో సరుకు లేదు. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి కౌలు కట్టాను.

కోతలప్పుడు బాబాయి వచ్చి గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు. ఒక ఆకు తుంచి అటూ ఇటూ తిప్పి, "నాది కింది ముడతరా అబ్బాయ్" అన్నాడు. ఇంకేం అనలేదు. ఆయన మీద నాకు కోపం రాలేదు, గౌరవం పెరిగింది. సలహా ఇచ్చినవాళ్ళలో మళ్ళీ తోటకు వచ్చి ఏమైందో చూసినవాడు ఆయనొక్కడే. సలహా చెప్పడం అందరికీ సులువే. తన మాట విన్నవాడి గతి ఏమైందో కనుక్కునేవాళ్ళు ఎంతమంది? పిల్లాడికి ఇంటర్‌లో ఏ గ్రూపు మంచిదో చెప్పినవాళ్ళు రెండేళ్ళ తర్వాత ఫోన్ చేసి అడిగారా? మోకాళ్ళ నొప్పికి ఫలానా చోట కట్టు కట్టించుకోమన్నవాళ్ళు మళ్ళీ వచ్చి "నడవగలుగుతున్నావా అమ్మా" అన్నారా? మా అమ్మ విషయంలో అడగలేదు.

ఇంకో సంగతి ఎవరూ బయటికి చెప్పరు. అరువు ఉన్నచోట సలహాకు ఎదురు చెప్పలేం. మా ఊళ్ళో ఎక్కువమంది మందులు అరువుకే తెచ్చుకుంటారు, కాయ అమ్మాక కడతారు. కొట్టులో పాత బాకీ పెట్టుకుని "ఈ మూడో సీసా నాకెందుకండీ" అని ఎలా అడుగుతాం? అందుకే నా గట్టి అభిప్రాయం ఏమిటంటే, మనకు బాకీ ఉన్నవాణ్ణీ, మనం బాకీ ఉన్నవాణ్ణీ సలహా అడగకూడదు. మందులమ్మేవాళ్ళకు చదువు ఉండాలని హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ అనే వ్యవసాయ శిక్షణ సంస్థ ఏడాది డిప్లొమా పెట్టింది. 2003 నుంచీ నడుస్తోంది, మంచి పనే. కానీ చదువు వచ్చినంత మాత్రాన అరువు పుస్తకం చిరిగిపోదు కదా.

డబ్బు సంబంధం లేని చోట అడగండి. రైతులకైతే కిసాన్ కాల్ సెంటర్ ఉంది, 1800-180-1551. 2004 నుంచి ఉంది, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా తెలుగులోనే మాట్లాడతారు, ఫోన్ ఖర్చు ఉండదు. దాని మీద మా వాళ్ళ ఫిర్యాదు ఒక్కటే, "జిల్లా ఏది, మండలం ఏది, పంట ఏది అని వంద అడుగుతారు, విసుగొస్తుంది" అని. నాకైతే ఆ అడగడమే ధైర్యాన్నిస్తుంది. నా సంగతి అడక్కుండా నాకు సమాధానం చెప్పేవాడి దగ్గరికి ఇక జన్మలో వెళ్ళను.

అడిగేవాళ్ళు కూడా తమ వంతు పని చేయాలి. "నేనేం చేయాలి?" అని అడక్కండి. "మీకు ఇదే వస్తే మీరేం చేశారు, తర్వాత ఏమైంది?" అని అడగండి. బాబాయిని ఆ రోజు ఈ మాట అడిగుంటే, తన తోటలో ఆకు ఎలా ముడిచిందో చెప్పేవాడు, ఇద్దరికీ అక్కడే తెలిసిపోయేది. చేసిన తప్పు దాచకుండా ముందే చెప్పండి. సిగ్గుగా ఉంటుంది, నాకు తెలుసు.

పోయిన నవంబరులో పక్క ఊరి కుర్రాడు ఒకడు ఫోన్ చేశాడు. మొదటిసారి మిరప వేశాడట, గొంతులో ఏడుపు వినిపిస్తోంది. "అన్నా, ఆకు ముడుచుకుంటోంది, ఏం మందు కొట్టమంటావు?"

"పైకా, కిందికా?"

చూసి వచ్చి "పైకే అన్నా" అన్నాడు.

తెల్ల కాగితం మీద పువ్వు దులపమన్నాను. దులిపాడు. "నల్లగా ఉన్నాయన్నా, పరుగెత్తుతున్నాయి."

"ఇప్పటికి ఎన్నిసార్లు కొట్టావు?"

కాసేపు ఏం మాట్లాడలేదు. వెనకాల ఎవరిదో ట్రాక్టర్ చప్పుడు వినిపించింది.

"ఒక్కసారన్నా."

నేనూ కాసేపు ఆగాను. "నేను నాలుగు సార్లు కొట్టి లాంలో రెండని చెప్పానురా తమ్ముడూ" అన్నాను.

"మూడు సార్లు కొట్టానన్నా" అన్నాడు.

"సరే, ఆ సీసాలన్నీ వరసగా పెట్టి ఫొటో తీసి పంపు. పొద్దున్నే బండేసుకుని మా ఇంటికి రా. రెండు మొక్కలు వేళ్ళతో సహా పీకి తీసుకురా, ఇద్దరం కలిసి లాం వెళదాం" అన్నాను.