మేడమ్ నా కష్టం అర్థం చేసుకోవడం లేదు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాను. పాపకు తొమ్మిదో నెల. ప్రసూతి సెలవు అయిపోయి ఆఫీసుకు వస్తున్నప్పుడు, మేనేజర్ ఆడమనిషే కదా అని ధైర్యంగా ఉన్నాను. తీరా ఆరింటికి బ్యాగు సర్దుకుంటే చాలు, ‘మేమూ పిల్లల్ని కన్నాం, ఇలా పరిగెత్తలేదు’ అని అందరిముందూ అంటారు. మగవాళ్లు ముందే వెళ్లినా ఏమీ అనరు. లంచ్‌లో మా అమ్మాయిలందరం ఆవిడ గురించే చెప్పుకుంటాం. ఆడదానికి ఆడదే శత్రువంటారు మావారు. మానేద్దామా అనిపిస్తోంది.

జవాబు: మీవారి మాట ముందు పక్కన పెట్టండి. ఇదే మాట మగ మేనేజర్ అంటే ఆయన నోరు మంచిది కాదని ఊరుకునేవారు. ఆవిడ దగ్గర అక్క ఆదరణ ఆశించారు కాబట్టి దెబ్బ గట్టిగా తగిలింది. కోడరికం చేసిన ప్రతి మనిషీ మంచి అత్త కావాలని రూలేం లేదుగా!

ఆవిడ పిల్లలు కాస్త పెద్దవాళ్లయితే, ఆవిడకు దొరికిన సెలవు 12 వారాలే. 26 వారాలు వచ్చింది 2017లో చట్టం మారాక. మూడో నెల బిడ్డను ఇంట్లో వదిలి వచ్చిన మనిషికి మీరు ఆరింటికి వెళ్లడం సుఖంగా కనిపిస్తుంది. పైగా, మీకు కాస్త వీలిస్తే ‘ఆడవాళ్లను వెనకేసుకొస్తోంది’ అని పైవాళ్లు అంటారన్న టెన్షన్ చాలామంది మహిళా మేనేజర్లకు ఉంటుంది. అయినా సరే, నలుగురిలో మిమ్మల్ని అనడం తప్పే.

పొద్దున్నే, మీటింగుల హడావుడి మొదలవకముందే ఓ పది నిమిషాలు విడిగా అడగండి. ‘మేడమ్, నేను ఆరింటికి వెళ్లడం వల్ల ఆగిన పని ఏదైనా ఉంటే చెప్పండి, సర్దుకుంటాను. అందరిముందూ అంటే మాత్రం బాధగా ఉంది’ అనండి, చాలు. మగవాళ్ల సంగతి ఆ రోజు ఎత్తొద్దు, మాట వాదనలోకి పోతుంది. అనుకున్నదంతా సాయంత్రం చిన్న మెయిల్‌గా పెట్టండి.

బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు చట్టమిచ్చిన హక్కు. మీకింకా ఆరు నెలలు ఉంది. 50 మంది లేదా అంతకు మించి పనిచేసేచోట క్రెష్ (పనివేళల్లో పిల్లల్ని చూసుకునే చోటు) సదుపాయం ఉండాలి, రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. మీ ఆఫీసులో ఉందా? హెచ్‌ఆర్‌ను అడగండి.

లంచ్‌లో ఆ కబుర్లు మాత్రం ఆపండి. అవి ఆవిడ చెవిన పడకుండా ఉండవు, అదీ మీ పేరు మీదే.

అప్రైజల్‌లో తేడా కనిపిస్తే కారణం రాతపూర్వకంగా అడిగి, ఆ మెయిళ్లతో హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లండి. రాజీనామా మాట అప్పటిదాకా ఇంట్లో కూడా అనొద్దు. ‘సరే, మానెయ్’ అనేవాళ్లు సిద్ధంగానే ఉంటారు.