ఆండ్రాయిడ్ మిఠాయి పేర్లు ఏమయ్యాయి?

ప్రశ్న: ఒకప్పుడు ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ వస్తే కిట్‌క్యాట్, లాలీపాప్, ఓరియో అని పేర్లు చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు అంకెలే వినిపిస్తున్నాయి. ఆ పేర్లు ఎందుకు మానేశారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: బయటికి చెప్పడం మానేశారు గానీ, పేరు పెట్టడం మానలేదండి. 2009లో 1.5 వెర్షన్‌కు కప్‌కేక్ అని పెట్టింది మొదలు ఇంగ్లిష్ అక్షరక్రమంలో నడిచిన ఆ వరుస, 2018లో తొమ్మిదో వెర్షన్‌ను 'పై' అని పిలిచేదాకా సాగింది. మరుసటి ఏడాది ఆగస్టులో పదో వెర్షన్‌కు అంకె ఒక్కటే చాలునని ప్రకటిస్తూ గూగుల్ చెప్పిన కారణాలు సబబుగానే ఉన్నాయి. కొన్ని భాషలవారికి 'ల'కూ 'ర'కూ ఉచ్చారణలో తేడా ఉండదు కనుక, లాలీపాప్ అని వినగానే అది కిట్‌క్యాట్ తర్వాతిదని వారికి స్ఫురించదు. 'పై' కొన్ని దేశాల్లో తీపి వంటకమే కాదు. మార్ష్‌మెల్లో సంగతి చాలా చోట్ల ఎవరికీ తెలియదు. 2016లో 'ఎన్' అక్షరం వంతు వచ్చినప్పుడు మలయాళీలు నెయ్యప్పం పేరు కోసం గట్టిగానే పట్టుబట్టారు, కానీ చివరికి నౌగట్‌కు దక్కింది. మన నేతి బొబ్బట్టు కూడా అందుకు తగినదేనని నా అభిప్రాయం; ఇందులో పక్షపాతం లేదని మాత్రం అనను.

కంపెనీ లోపల ఆ ఆనవాయితీ ఇంకా ఉంది. పదమూడో వెర్షన్ తిరామిసు, పదిహేనోది వెనీలా ఐస్‌క్రీమ్. 'వి' తర్వాత 'డబ్ల్యూ' రావాలి గదా, పదహారోది బక్లావా ఎలా అయిందని మీకు సందేహం రావచ్చు. 2024 నుంచి బిల్డ్ నంబర్ల (సాఫ్ట్‌వేర్ ఒక్కో కూర్పును గుర్తించే సంకేతాల) అక్షరాలను మళ్లీ 'ఏ' నుంచి మొదలుపెట్టారు. 2025 జూన్‌లో వచ్చిన పదహారో వెర్షన్‌కు 'బీ' తగిలింది. గూగుల్ తయారుచేసే పిక్సెల్ ఫోన్‌లో దాని తొలి బిల్డ్ నంబరు బీపీ2ఏ అని మొదలై, చుక్క తర్వాత 250605 అని ఉంటుంది. ఆ ఆరంకెలు తేదీయే: 2025 జూన్ 5.

ప్రశ్న: నా ఫోన్‌లో హైపర్‌ఓఎస్ 2 అని ఉంది. మా అబ్బాయి అది ఆండ్రాయిడ్ 15 అంటాడు. ఏది నిజం? కొత్త వెర్షన్ పిక్సెల్ వాళ్లకు ముందొచ్చి, మాకు నెలల తర్వాత ఎందుకు వస్తుంది?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: రెండూ నిజమే. ఆండ్రాయిడ్ పునాది అయితే, హైపర్‌ఓఎస్ దానిమీద షావోమి కట్టుకున్న ఇల్లు. సామ్‌సంగ్ వన్ యూఐ కూడా అలాంటిదే. పునాది లెక్క వేరు, ఇంటి లెక్క వేరు కావడం వల్లనే ఈ తికమక.

ఆలస్యానికి కారణం కూడా అక్కడే ఉంది. గూగుల్ కోడ్ విడుదల చేశాక, క్వాల్‌కామ్, మీడియాటెక్ వంటి చిప్ తయారీదారులు దాన్ని తమ చిప్‌కు సరిపోయేలా మలచాలి. ఆపైన ఫోన్ కంపెనీ తన హంగులన్నీ అతికించి, ఒక్కో మోడల్‌లో పరీక్షించి, విడతలుగా వదలాలి. పిక్సెల్ గూగుల్ సొంత ఫోన్ కనుక దానికి ఇన్ని మజిలీలు లేవు. ఈ దారిని కుదించడానికే 2017లో ఎనిమిదో వెర్షన్‌తో ప్రాజెక్ట్ ట్రెబుల్ పేరిట చిప్‌కు సంబంధించిన భాగాన్ని మిగతా వ్యవస్థ నుంచి విడదీశారు. 2019లో పదో వెర్షన్‌తో మరో మెట్టెక్కి, కొన్ని కీలక భాగాలను ఫోన్ కంపెనీ ప్రమేయం లేకుండా గూగుల్ ప్లే ద్వారానే మార్చే ఏర్పాటు చేశారు.

నన్నడిగితే వెర్షన్ అంకె కోసం అంతగా ఎదురుచూడనక్కరలేదు. సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్ వెర్షన్ వివరాల దగ్గర సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఉంటుంది, దాన్ని చూడండి. పదిహేనో వెర్షన్ ఉన్నా ఆ తేదీ ఏడాది కిందటిదైతే, పద్నాలుగో వెర్షన్‌లో ఉండి పోయిన నెల సెక్యూరిటీ అప్‌డేట్ అందుకున్న ఫోనే నయం. కొనేటప్పుడు కూడా ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో అడగండి: పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 ఫోన్లకు ఏడేళ్ల హామీ ఇచ్చారు, చౌక ఫోన్లలో అది చాలా తక్కువ.

ప్రశ్న: అప్‌డేట్ చేస్తే ఫొటోలు పోతాయా?
– ఒక గృహిణి, అనకాపల్లి

జవాబు: మామూలుగా పోవు, ఎందుకంటే వ్యవస్థ ఉండే చోటు వేరు, మీ ఫొటోలు ఉండే చోటు వేరు. అయినా ముందు బ్యాకప్ తీసుకుని, ఛార్జింగ్ సగానికి పైగా ఉండగా మొదలుపెట్టండి. అప్‌డేట్ నచ్చలేదని పాత వెర్షన్‌కు వెనక్కి మార్పించుకుంటే మాత్రం సాధారణంగా ఫోన్ మొత్తం ఖాళీ అవుతుంది.